మూడంగుళముల చోటు
(పాత పికప్ బండిలో డ్రైవరునకు ఎడము కల్పించు విధము)



వామనుడు బలి చక్రవర్తిని మూడడుగుల నేల అడిగెనని మీరు చదివియున్నారు. ఈ పాఠమున మనము చెప్పుకొనబోవు మనుష్యుడు అంతకంటె తక్కువయే అడుగుచున్నాడు. ఆతనికి కావలసినది మూడంగుళములు. తొడకును స్టీరింగు చక్రమునకును నడుమ ఒక అంగుళము, మోకాలికిని డ్యాష్‌బోర్డునకును నడుమ ఒక అంగుళము, వీపు వెనుక ఒక అంగుళము.

ఇంత కొద్ది చోటునకు ఇంత పాఠమెందుకని మీరు అడుగవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగును. ఎదుట పశువో, పసిబిడ్డయో అడ్డము వచ్చినపుడు డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోవలెను. ఆ సమయమున మోకాలు చక్రపు అంచునకు తగులుకొని అర సెకను ఆలస్యమైనచో బండి 8 మీటర్లు ముందునకు పోయి యుండును. ఎనిమిది మీటర్లనగా మన తరగతి గది పొడవు వంటిది. ప్రాణము నిలుచుటయు, పోవుటయు ఆ దూరములోనే యున్నవి.

ఈ సంచికకు ఇట్టి విషయమును ఎన్నుకొనుటకు మఱియొక కారణము కలదు. మన పత్రిక చేరు ఇండ్లలో లారీయో, వ్యానో, ట్రాక్టరో నడుపువారి ఇండ్లు పెక్కు. ఆ ఇండ్లలో బండి రిపేరు మాట వచ్చినపుడు ఇంటిల్లిపాదియు తెలుగులోనే మాటలాడుదురు. బడిలో యంత్రపు పాఠము వచ్చునప్పటికి మాత్రము తెలుగు చాలదని కొందఱు అనుకొనుచున్నారు. చాలునో చాలదో ఈ పాఠము చదివి మీరే నిర్ణయింపుడు. స్టీరింగు, క్లచ్, ట్యాంకు వంటి మాటలు ఇప్పటికే మన మాటలైపోయినవి. వాటిని మేము అట్లే యుంచినాము.

పికప్ బండి పుట్టుక

ముందు ఇద్దఱు ముగ్గురు కూర్చుండు చిన్న గది, దాని వెనుక పైకప్పు లేని సరకుల తొట్టి యున్న బండిని పికప్ అందురు. ముందరి గదికి క్యాబ్ అని పేరు. మన ప్రాంతమున పాలు, కూరగాయలు, సిమెంటు మూటలు మోయు చిన్న బండ్లను నేడు ఈ పేరుతోనే పిలుచుచున్నారు. ఈ జాతి బండికి పుట్టినిల్లు అమెరికా. అచ్చటి ఫోర్డ్ సంస్థ 1925 సంవత్సరమున తన ప్రసిద్ధమైన టి మోడలు కారు వెనుక ఒక తొట్టిని అమర్చి, పికప్ అను పేరుతో కర్మాగారమునుండియే అమ్మజొచ్చెను. దాని వెల 281 డాలర్లు. కొన్నవారిలో రైతులు, వడ్రంగులు, చిన్న వర్తకులు మెండు. వారికి కావలసినది బరువు మోయు తొట్టి. డ్రైవరు సుఖమును గూర్చి నాడు ఆలోచించినవారు తక్కువ.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప ఆ ఆలోచన మొదలైనది. షెవ్రొలే సంస్థ 1947లో విశాలమైన క్యాబ్ గల క్రొత్త బండ్లను తెచ్చెను. ఫోర్డ్ సంస్థ 1948లో ఎఫ్ వరుస బండ్లను తెచ్చి, ఆ క్యాబును పది లక్షల డాలర్ల క్యాబ్ అని ప్రచారము చేసెను. 1953లో దానినే మరల మార్చి ఎఫ్-100 అను పేరు పెట్టి, డ్రైవరును దృష్టిలో నుంచుకొని చేసిన క్యాబ్ అని చెప్పుకొనెను. ఆ కాలపు బండ్లను అమెరికాలో నేటికిని ప్రీతితో బాగుచేసి నడుపువారు వేలాదిగా నున్నారు. అట్లు నడుపువారిలో పొడవైనవారికిని, లావైనవారికిని కలుగు మొదటి కష్టము ఇరుకు. ఆ కష్టమును వారు తీర్చుకొను విధమే మన పాఠము.

ఇరుకునకు కారణములు

బండి మొత్తము పొడవు ఒకటే. అందులో ముందు భాగమును ఇంజను తీసికొనును. వెనుక భాగమును తొట్టి తీసికొనును. ఈ రెండింటి నడుమ మిగిలినది క్యాబ్. తొట్టి పొట్టిదైనచో కొనువాడు ఒప్పుకొనడు. కనుక కుదించుట కెల్ల మనుష్యుని చోటే దొరకెను.

ఆ మిగిలిన చోటులోనికిని మఱియొక అతిథి వచ్చి చేరెను. అది పెట్రోలు ట్యాంకు. షెవ్రొలే బండ్లలో 1949 నుండి ట్యాంకును క్యాబులో సీటు వెనుక నిలువుగా నిలిపిరి. 1967 మొదలు 1972 వఱకు వచ్చిన షెవ్రొలే, ఫోర్డ్ పికప్ బండ్లు రెండింటిలోను ట్యాంకు అచ్చటనే యుండెడిది. పెట్రోలు పోయు మూత క్యాబ్ ప్రక్కన, తలుపు వెనుక కనబడును. లోపల కూర్చున్నవారికి పెట్రోలు తొణుకు చప్పుడు వినబడుటయు, అప్పుడప్పుడు వాసన సోకుటయు కలదు.

మూడవ కారణము స్టీరింగు చక్రము. నాటి బండ్లలో పెక్కింటికి చక్రమును త్రిప్పుటలో ఇంజను సాయము లేదు. డ్రైవరు చేతుల బలముతోనే ముందు టైర్లు తిరుగవలెను. అందుచే చక్రము పెద్దదిగా, అడ్డుకొలత సుమారు 17, 18 అంగుళములుగా నుండెడిది. దాని క్రింది అంచు డ్రైవరు తొడల మీదికి వ్రాలియుండును.

మొదట కొలత

పని తెలిసిన మెకానిక్కు పానా పట్టుకొనుటకు ముందు టేపు పట్టుకొనును. డ్రైవరును, ఆతడు దినమును తొడుగుకొను చెప్పులతోనో బూట్లతోనో సీటు మీద కూర్చుండబెట్టి, ఐదు కొలతలు తీయవలెను.

1. తొడ పైభాగమునకును చక్రపు క్రింది అంచునకును నడుమ ఎంత?
2. రొమ్మునకును చక్రమునకును నడుమ ఎంత?
3. మోకాలికిని డ్యాష్‌బోర్డునకును నడుమ ఎంత?
4. తలకును పైకప్పునకును నడుమ ఎంత?
5. క్లచ్చును అడుగంట త్రొక్కినపుడు మోకాలు కొంచెమైనను వంగియున్నదా, లేక కఱ్ఱవలె చాచుకొని పోయినదా?

ఇచ్చట ఒక భాషా విషయము. చోటు, తావు, ఎడము, జాగా, స్థలము అను మాటలను మనము ఒకదానికి బదులు మఱియొకటి వాడుచుందుము. స్థలము సంస్కృతమునుండి వచ్చినది. జాగా ఉరుదూ ద్వారా వచ్చినది. చోటు, తావు, ఎడము మన అచ్చతెలుగు మాటలు. తావు కన్నడమునందును కలదు. ఎడమునకు తమిళములోని ఇడము చుట్టము. ఈ మూడింటిలో ఎడమునకు ఒక ప్రత్యేకత కలదు. ఒక వస్తువు కూర్చుండునది చోటు. రెండు వస్తువుల నడుమ మిగులునది ఎడము. డ్రైవరు కూర్చుండుటకు పాత బండిలో చోటు కలదు. ఆతని మేను కదలుటకు ఎడము లేదు. పైన చెప్పిన కొలతలలో మొదటి నాలుగును ఎడమునకు సంబంధించినవే. ఏ ఎడము తక్కువయో తెలియక పని మొదలుపెట్టినవాడు మోకాలి నొప్పికి మోచేతికి కట్టు కట్టినవా డగును.

సీటు

తక్కువ వ్యయముతో ముగియు పని సీటునుండి మొదలగును. పాత సీటు ఒకే పొడుగు బల్ల వంటిది. లోపల ఇనుప స్ప్రింగులు, పైన దళసరి పరుపు ఉండును. వీపు ఆన్చు భాగము యొక్క పరుపును పలుచని గట్టి ఫోముతో మార్చినచో ఒకటి రెండు అంగుళములు వెనుకకు జరుగవచ్చును. సీటును ముందు వెనుకలకు జరుపు పట్టాలు త్రుప్పు పట్టి బిగుసుకొని యుండిన, వాటిని శుభ్రపఱచి నూనె వేయుటతోనే కొందఱి కష్టము తీరును. ఖర్చులేని చికిత్సను మొదట చూడవలెనను నియమము వైద్యునికెంతయో మెకానిక్కునకును అంతయే.

వీపు భాగమును వెనుకకు వాల్చినచో ఏమగునో లెక్క చూడుడు. తుంటినుండి భుజము వఱకు 50 సెంటీమీటర్లు అనుకొందము. 5 డిగ్రీలు వాల్చినచో భుజము సుమారు 4 సెంటీమీటర్లు వెనుకకు పోవును. రొమ్మునకు ఎడము పెరుగును. తుంటి కదలలేదు గనుక మోకాలికి ఏమియు లాభము లేదు. సీటును క్రిందికి దించినచో తొడకును, తలకును ఎడము పెరుగును. కాని మోకాలు పైకి లేచును, కన్ను క్రిందికి దిగును. పొట్టివానికి బానెటు మీదుగా రోడ్డు కనబడదు. సీటును మొత్తముగా వెనుకకు జరిపినచో మోకాలికి ఎడము వచ్చును. అప్పుడు చేతికి చక్రము దూరమగును, పాదమునకు క్లచ్ దూరమగును.

మనుష్యుని మేను గొలుసు వంటిది. పాదము, మోకాలు, తుంటి, వెన్ను, భుజము, చేయి ఒకదానికొకటి తగులుకొని యున్నవి. ఒక కొక్కెమును లాగినచో తక్కినవి కదలును. కనుక ప్రతి మార్పు తరువాత ఐదు కొలతలను మరల తీయవలెను.

స్టీరింగు చక్రము

18 అంగుళముల చక్రమును తీసి 15 అంగుళముల చక్రమును పెట్టినారనుకొందము. నడిబొడ్డు అచ్చటనే యుండును గనుక క్రింది అంచు ఒకటిన్నర అంగుళము పైకి పోవును. తొడకు ఒకటిన్నర అంగుళము ఎడము దొరకెను. చూచుటకు ఇది ఉచితముగా వచ్చిన లాభము వలె తోచును.

దాని వెల ఎచ్చట చెల్లింపవలెనో మీ సామాన్య శాస్త్రము చెప్పును. చక్రమును త్రిప్పు శక్తి రెండింటి మీద ఆధారపడును: మనము వేయు బలము, నడిబొడ్డునుండి చేతికి గల దూరము. ఈ రెండింటిని గుణించగా వచ్చునది టైరును త్రిప్పుటకు కావలసినంత యుండవలెను. మొదట దూరము 9 అంగుళములు. తరువాత ఏడున్నర. తొమ్మిదిని ఏడున్నరతో భాగించిన 1.2 వచ్చును. అనగా పూర్వము 10 కిలోల బలముతో తిరిగినది ఇప్పుడు 12 కిలోల బలము కోరును. రోడ్డు మీద పరుగెత్తునపుడు ఈ తేడా అంతగా తెలియదు. బరువు నింపిన బండిని సంతలో నిలిపి సందులో మలుపు త్రిప్పునపుడు భుజములకు తెలియును. అందుచేతనే చిన్న చక్రమును కోరువారు పెక్కుమంది ఇంజను సాయముతో తిరుగు స్టీరింగును గూడ అమర్చుకొందురు. చక్రమును మీదికి క్రిందికి వాల్చుకొనుటకు వీలైన స్టీరింగు రాడ్డును అమర్చుకొనువారును కలరు. దిగునపుడు పైకి ఎత్తి, నడుపునపుడు తమకు తగినట్లు దించుకొందురు.

పెట్రోలు ట్యాంకు

అన్నిటికంటె ఎక్కువ చోటునిచ్చు మార్పు ఇది. అన్నిటికంటె ఎక్కువ ఆలోచన కోరునదియు ఇదియే.

సీటు వెనుక ట్యాంకులో సుమారు 20 అమెరికన్ గ్యాలనులు, అనగా దాదాపు 75 లీటర్లు పట్టుననుకొందము. 75 లీటర్లనగా 75,000 ఘన సెంటీమీటర్లు. ట్యాంకు వెడల్పు 120 సెంటీమీటర్లు, ఎత్తు 40 సెంటీమీటర్లు అయినచో దాని మందము ఎంత? 75,000ను 4,800తో భాగింపుడు. పదునైదున్నర సెంటీమీటర్లు దాటును. రమారమి ఆరంగుళములు. ఇందులో సగము దక్కినను మన డ్రైవరు అడిగిన మూడంగుళములు ఒక్కచోటనే దొరకినవి. పైగా, డెబ్బదియైదు లీటర్ల పెట్రోలు వీపునకు ఆనుకొని యుండు భయము తొలగినది.

ఐతే తీసిన ట్యాంకు ఎచ్చటికి పోవలెను? ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పినచో ఏమగునో చరిత్ర చెప్పుచున్నది.

షెవ్రొలే బండ్లను చేయు జనరల్ మోటార్స్ సంస్థ 1973 నాటి క్రొత్త పికప్ బండ్లలో ట్యాంకును క్యాబునుండి బయటికి తీసినది. తీసి, చాసీ దూలమునకు వెలుపలి ప్రక్కన, గుఱ్ఱమునకు జీనుసంచి కట్టినట్లు అమర్చినది. క్యాబులో చోటు పెరిగినది. ట్యాంకులో పెట్రోలును ఎక్కువ పట్టినది. కాని మఱియొక బండి ప్రక్కనుండి వచ్చి ఢీకొన్నపుడు ట్యాంకునకు అడ్డుగా గట్టి ఇనుప దూలము లేకపోయినది. నిప్పంటుకొని మనుష్యులు మరణించిన ప్రమాదములు జరిగినవి. వ్యాజ్యములు నడచినవి. 1987 వఱకు ఈ ఏర్పాటు సాగెను. 1988లో వచ్చిన క్రొత్త నమూనాలో ట్యాంకును దూలమునకు లోపలి ప్రక్కకు మార్చిరి. 1994 అక్టోబరులో అమెరికా రవాణా మంత్రి ఆ పాత బండ్లలో లోపము కలదని ప్రాథమిక నిర్ణయమును ప్రకటించెను. తమ బండ్లు నాటి ప్రభుత్వ ప్రమాణములకు సరిపోయినవేయని సంస్థ వాదించెను. అదే సంవత్సరము డిసెంబరులో ఒప్పందము కుదిరెను. దాని ప్రకారము సంస్థ 5 కోట్ల 10 లక్షల డాలర్లకు పైగా రోడ్డు భద్రతా కార్యక్రమములకు ఇచ్చుటకు అంగీకరించెను. బండ్లను వెనుకకు పిలిపించుట మాత్రము జరుగలేదు.

కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదని మన పెద్దలు చెప్పు సామెత ఇట్టి సందర్భమునకే పుట్టినది. ట్యాంకును క్యాబునుండి తీయుట సరియైన పనియే. తీసినదానిని ఎచ్చట పెట్టవలెనను ప్రశ్నకు చాలినంత ఆలోచన జరుగలేదు. వస్తువును కదలించినంత మాత్రమున అపాయము నశింపదు, దానితో కూడ ప్రయాణము చేయును.

నేడు పాత బండ్లను మార్చువారు సాధారణముగా ట్యాంకును తొట్టి క్రింద, రెండు చాసీ దూలముల నడుమ అమర్చుదురు. పెక్కు బండ్లలో ఆ చోటు వెనుక ఇరుసునకు ఆవల, స్పేరు టైరు వ్రేలాడు తావు. అప్పుడు స్పేరు టైరునకు మఱియొక తావు చూడవలెను. వెనుకనుండి తగులు దెబ్బను ఆలోచింపవలెను. పెట్రోలు పోయు గొట్టమును, ఆవిరి పోవు గొట్టమును, సూచికకు పోవు తీగను క్రొత్తగా నడపవలెను. క్యాబ్ ప్రక్కన మిగిలిన పాత రంధ్రమును మూయవలెను. ఇంకొక మాట. ఖాళీ చేసిన ట్యాంకులో ద్రవము లేకున్నను ఆవిరి నిలిచియుండును. నిండు ట్యాంకుకంటె అట్టి ట్యాంకు దగ్గఱ నిప్పు ఎక్కువ ప్రమాదకరము. వెల్డింగు రవ్వ ఒకటి చాలును. ఈ పని చేయువాడు అనుభవజ్ఞుడై యుండవలెను.

కదలింపరానివి

చోటు దొరకునను ఆశతో కొన్నింటి జోలికి పోరాదు. క్యాబ్ వెనుక గోడలోను, తలుపు గుంజలలోను మడిచి పెట్టిన ఇనుప రేకులు అలంకారమునకు కాదు. బండి బోల్తాపడినపుడు పైకప్పును నిలుపునవి అవియే. వాటిని కోయుట ఇంటి దూలమును కోసి వంటచెఱకు చేసికొనుట.

సీటును వెనుకకు జరుపుటకై నేలలో క్రొత్త రంధ్రములు చేయుదురు. ఆ నేల పలుచని రేకు. రేకునకు ఊరక బోల్టు బిగించినచో, గట్టిగా బ్రేకు వేసినపుడో ఢీకొన్నపుడో బోల్టు రేకును చించుకొని వచ్చును. రేకునకు అడుగున వెడల్పైన మందపాటి ఇనుప పలకను వేసి బిగింపవలెను. సీటు బెల్టునకును ఇదే నియమము. 1950లనాటి పికప్ బండ్లు సీటు బెల్టు లేకయే అమ్ముడుపోయెడివి. క్రొత్తగా బెల్టు అమర్చువారు దానిని కేవలము రేకునకు తగిలించినచో, బెల్టు ఉన్నదను ధైర్యమే మిగులును.

సగటు మనుష్యుడు

ఇన్ని తిప్పలెందుకు? కర్మాగారములోనే సగటు మనుష్యునికి సరిపోవునట్లు చేసినచో చాలదా? ఈ ప్రశ్నకు విమానములనుండి వచ్చిన సమాధానమొకటి కలదు.

అమెరికా వాయుసేనవారు 1950లో నాలుగు వేలకు పైగా విమాన చోదకుల శరీరములను కొలిపించిరి. ఆ కొలతలలో 4,063 మందివి తీసికొని గిల్బర్ట్ డేనియల్స్ అను యువ శాస్త్రజ్ఞుడు 1952లో ఒక లెక్క వేసెను. ఎత్తు, రొమ్ము చుట్టుకొలత, చేయి పొడవు వంటి పది కొలతలను ఎన్నుకొని, పదింటిలోను సగటునకు దగ్గఱగా నున్నవారెందఱో చూచెను. ఒక్కడును లేడు. పొడవైన కాళ్లు గలవానికి చేతులు పొట్టి. రొమ్ము సగటైనవానికి తుంటి సగటు కాదు. సగటు మనుష్యునికై చేసిన సీటు ఎవనికిని సరిపోని సీటు. సీటును, పెడళ్లను కూర్చుండువానికి తగినట్లు జరుపుకొనుటకు వీలు కల్పించుటయే దానికి తగిన ఉపాయమని విమానములు చేయువారు గ్రహించిరి.

అదే కాలమున హెన్రీ డ్రైఫస్ అను అమెరికా రూపశిల్పి స్త్రీపురుషుల శరీర కొలతలను పటములుగా గీయించి, జో, జోసఫీన్ అను పేర్లు పెట్టి, 1955లో ఒక గ్రంథమున వివరించెను. 1960లో మనుష్యుని కొలతలకే ఒక గ్రంథమును ప్రకటించెను. యంత్రమును మనుష్యునికి తగినట్లు చేయవలెను గాని మనుష్యుని యంత్రమునకు తగినట్లు మడువరాదని ఆయన బోధ.

పికప్ బండ్లు చేయువారును క్రమముగా దారికి వచ్చిరి. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ రెండు వరుసల సీట్లు గల క్యాబును తెచ్చెను. 1973లో డాడ్జ్, 1974లో ఫోర్డ్ సంస్థలు సీటు వెనుక అదనపు చోటు గల పొడుగు క్యాబులను తెచ్చినవి. దీనికిని వెల కలదు. క్యాబ్ పొడవైనచో తొట్టి కుఱుచ కావలెను, లేదా బండి మొత్తము పొడవు కావలెను. పొడవైన బండికి సందులు ఇఱుకు.

తలిదండ్రులకు ఒక మాట

ఈ పాఠము చదివి మీ బిడ్డ టేపు తెచ్చి మీ బండి సీటును కొలువవచ్చును. కోపగింపకుడు. మీ మోకాలికి ఎంత ఎడము కలదో, క్లచ్ త్రొక్కునపుడు మీ నడుము ఏ తీరున కదలుచున్నదో బిడ్డ వ్రాసికొననిండు. దినమునకు పది గంటలు బండి నడుపువారికి నడుము నొప్పి, మోకాలి నొప్పి వృత్తితో పుట్టినవని మనము సహించి యూరకుందుము. అందులో కొంత భాగము, పట్టాలు బిగుసుకొనిన సీటు వలననే కావచ్చును. ఒక సాయంకాలపు పనితో తీరు బాధను ఇరువది యేండ్లు మోయనేల?

సీటును జరుపుట, పరుపు మార్చుట, పట్టాలకు నూనె వేయుట అందఱును చేయదగిన పనులు. ట్యాంకును, స్టీరింగును, చాసీని మార్చుట మన దేశమున యజమాని యిష్టము కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019లో సుప్రీము కోర్టును ఈ నియమమును గట్టిపఱచినది. కనుక ముందు అధికారులను అడిగి, పిదప పని మొదలుపెట్టుడు.

ఇంకొక కోరిక. బిడ్డ వ్రాసికొనిన కొలతలను తెలుగులోనే మీకు వివరింపుమని అడుగుడు. తడబడినచో మాట అందింపుడు. షెడ్డులోని మాటలు మీకు తెలియును, బడిలోని మాటలు బిడ్డకు తెలియును. ఆ రెండును ఇంటిలో కలిసిన నాడు మన భాషకు గూడ కొంత చోటు పెరుగును.

అభ్యాసము

1. చోటు, ఎడము అను మాటలకు గల భేదమును మీ ఇంటిలోని వస్తువులను ఉదాహరణముగా చూపి తెలుపుడు.
2. ఒక చక్రపు అడ్డుకొలత 16 అంగుళములు. దానిని 20 కిలోల బలముతో త్రిప్పుచున్నారు. దాని బదులు 20 అంగుళముల చక్రము పెట్టినచో ఎంత బలము చాలును? క్రింది అంచు ఎన్ని అంగుళములు క్రిందికి దిగును?
3. ఒక ట్యాంకు పొడవు 100 సెంటీమీటర్లు, ఎత్తు 50 సెంటీమీటర్లు, మందము 12 సెంటీమీటర్లు. అందులో ఎన్ని లీటర్లు పట్టును?
4. సీటును క్రిందికి దించుట వలన కలుగు లాభనష్టములను వేఱువేఱుగా వ్రాయుడు.
5. 1973లో ట్యాంకును క్యాబునుండి తీసిన పనిలో సరియైనదేది? తప్పినదేది? నాలుగు వాక్యములలో వ్రాయుడు.
6. మీ తరగతిలో పదిమంది ఎత్తు, చేయి పొడవు, మోకాలి ఎత్తు కొలిచి, ఒక్కొక్కదాని సగటు కనుగొనుడు. మూడింటిలోను సగటునకు ఒక సెంటీమీటరు లోపల నున్నవారెందఱు? మీ తరగతి బల్లలు ఎవరికి సరిపోవుచున్నవో పరిశీలించి, ప్రధానోపాధ్యాయులకు ఒక లేఖ వ్రాయుడు.